సుత్తి బయట పెట్టి లోపలికి వెళ్లిన జియాలజిస్టు

ఈ మధ్య మా గనుల శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. టీ తాగుతూ, "సార్, ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. రాళ్ల గురించో మ్యాపుల గురించో చెబుతానని ఆశించినట్టుంది. "అనుమానం" అన్నాను. మర్యాదకు నవ్వింది. నేనేదో ముసలి చమత్కారం చేశానని ఆమె అనుకున్నట్టు నాకు అనుమానం. అందుకే ఇది రాస్తున్నాను.

ఎప్పుడు చేరాను, ఏ ఊరికి బదిలీ అయ్యాను, ఏ హోదాలో దిగిపోయాను అనే చరిత్ర ఇందులో ఉండదు. అదంతా సర్వీసు రిజిస్టరులో ఉంది, కావలసినవాళ్లు దుమ్ము దులుపుకొని చదువుకోవచ్చు. నేను చెప్పేది ఒక శాస్త్రీయ పదం గురించి. దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో నాకు నేర్పింది ఒక రైతు. ఆ పాఠానికి ఆమె ఇల్లు పోయింది.

దుకాణంలో నేర్చుకున్నది

మాది బళ్లారి బజారులో పసుపు కుంకుమల దుకాణం. ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. మా నాయన ఎవరినీ నమ్మేవాడు కాదు. పసుపు బస్తా దిగగానే ఒక కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, కొరికి, అప్పటికీ మనసు కుదుటపడక బస్తా అడుగు దాకా చెయ్యి దూర్చి ఇంకో కొమ్ము లాగేవాడు. "పైనుండేది చూపించేదానికి పెట్టింటారప్పా. అడుగున యేముండాదో చూడల్ల" అనేవాడు. బస్తా తెచ్చినవాడు మొహం మాడ్చుకున్నా పట్టించుకునేవాడు కాదు.

కుంకుమ మా ఇంట్లోనే చేసేవాళ్లు. అవ్వ వెడల్పాటి పళ్లెంలో పసుపు పోసి, సున్నపు తేట చిలకరించి కలుపుతూ ఉంటే పచ్చటిది చూస్తుండగానే ఎర్రగా తిరిగేది. నడవడం రాని వయసు నుంచీ చూసిన సంగతి అది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది. అప్పుడు నా మీద జాలిపడకండి, నవ్వండి.

అలా దుకాణంలో పుట్టి పెరిగిన అనుమానాన్ని వెంటబెట్టుకొని ఉద్యోగంలో చేరాను. బాగానే పనికొచ్చింది. ఇసుక ఎక్కడ తవ్వారని అడిగితే ఎవరూ నిజం చెప్పరు కదా. చెప్పినచోటు వదిలేసి, చూపు తిప్పుకున్న వైపు వెళ్లేవాణ్ణి. నన్ను నేను పెద్ద గట్టివాణ్ణనుకున్నాను.

గుహలో పేరుకున్నదాని పేరు

ఆ పదం స్పీలియోథెమ్. గుహ, పేరుకున్నది అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిసి ఏర్పడింది. సున్నపురాయి గుహల్లో పై మట్టిలోంచి ఇంకిన నీరు రాతిని కొంచెం కొంచెంగా కరిగించుకొని వస్తుంది. గుహ గాలి తగలగానే తాను మోసుకొచ్చిన సున్నాన్ని చుక్క చుక్కకీ కాస్త వదిలిపెడుతుంది. పైకప్పు నుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, నేల నుంచి లేచేవి స్టాలగ్మైట్లు, గోడ మీద తెరల్లా పరుచుకునేవి ఇంకొన్ని. వీటన్నిటికీ కలిపి పెట్టిన ఇంటిపేరు స్పీలియోథెమ్. వేలెడు పొడుగు పెరగడానికి వందల ఏళ్లు, ఒక్కోచోట వేల ఏళ్లు పడుతుంది.

ఈ పదంలో రెండు షరతులు ఉన్నాయి. గుహ మనిషి తవ్వింది కాకూడదు. పేరుకున్నది రాతిలోంచి, మట్టిలోంచి వచ్చినదై ఉండాలి. పాత గని సొరంగాల్లో వేలాడే తుప్పురంగు ఊచల్ని కూడా కొందరు ఇదే పేరుతో పిలుస్తారు, నేను ఒప్పుకోను. ఇక వంతెనల కింద, నేలమాళిగల్లో కాంక్రీటులోంచి సున్నం కారి తెల్లగా వేలాడే వాటికి కాల్థెమైట్ అని వేరే పేరు ఉంది. చూపుకు రెండూ ఒకటే. యాసిడ్ చుక్క వేస్తే రెండూ ఒకేలా పొంగుతాయి. కాకపోతే రెండోది కొన్నేళ్లలోనే పెరిగిపోతుంది. అది కనిపించిందంటే పైనున్న కట్టడంలోంచి నీళ్లు దారి చేసుకున్నాయని అర్థం.

నా మొదటి పై అధికారి ఈ తేడాను ఒక్క మాటలో చెప్పేవారు. "వేలాడేదాన్ని చూసి మురిసిపోవద్దు. దాని నెత్తిన యేముండాదో చూడు" అనేవారు. మనిషి కోపిష్టి, కానీ పనిలో మోసం లేదు. ఆయన దగ్గర తిన్న తిట్లు నాకు పుస్తకాలకన్నా ఎక్కువ ఉపయోగపడ్డాయి.

ఒకసారి బజారులో ఒకడు స్వయంగా వెలసిన లింగాలని తెల్లరాళ్లు అమ్ముతున్నాడు. జనం దండం పెట్టుకొని కొంటున్నారు. నేను ఒకదాన్ని తిరగేసి చూశాను. లోపల వలయాలున్నాయి, అంచున రంపపు గీతలున్నాయి. నిజమైన స్పీలియోథెమే, ఏదో గుహలోంచి కోసుకొచ్చాడు. "వెలసింది నిజమేనప్పా. నువ్వు దాని మెడ యాడ కోసినావో అది చెప్పు" అంటే సంచి వదిలేసి పరుగెత్తాడు. ఆ సంచిలోని ఒక ముక్క చాలా ఏళ్లు మా ఆఫీసులో కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నారు. ఆ ముక్క ఈ కథలో మళ్లీ వస్తుంది.

సిరిగేరి అవతల క్యాంపు

సిరిగేరి దాటి కొంత దూరం పోతే ఒక క్యాంపు ఉంది. కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటూ స్థిరపడిన కుటుంబాల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. ఊరి పేరు రాయను. ఊరి వెనక బండరాళ్ల గుట్ట, గుట్ట భుజం మీదుగా కాలువ, కాలువ గట్టు కింద వరసగా ఇళ్లు. ఇళ్ల ముందు పొలాలు.

ఆ వరసలో చివరి ఇల్లు మాణిక్యమ్మది. వాళ్ల తాత గుంటూరు వైపు నుంచి వచ్చాడు, ఆమె మాత్రం ఇక్కడే పుట్టింది. భర్త లేడు. అత్త, రెండు గేదెలు, గట్టు కింద మూడెకరాలు ఆమె చూసుకునేది. ఆ మూడెకరాల్లో ఒక మూల కోత కోసినాక కూడా ఆరడం లేదు. ఇంటి వెనక గోడ చెమ్మ పట్టింది. కాలువ కారుతోంది, గట్టు కూర్చుంటుంది, ఇళ్లు పోతాయి, చూడండి అని ఆమె అర్జీ పెట్టింది. కాలువ ఆఫీసువాళ్లు, కారేది కాలువ కాదు, గుట్టలోని పాత ఊట అన్నారు. దానికి సాక్ష్యం గుట్టలోని గుహ. అందులో పైనుంచి తెల్లటి ఊచలు వేలాడుతున్నాయి, కింద తెల్లటి లింగం వెలసింది. వేల ఏళ్లుగా నీరు కారితేనే కదా అలాంటివి వస్తాయి? ఏదో ఒకటి తేల్చి చెప్పమని మా శాఖకు రాశారు. నన్ను పంపారు.

నేను వెళ్లేముందు ఆమె అర్జీ చదివాను. చక్కటి ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. అక్కడే నా బుద్ధి వంకర తిరిగింది. గేదెలు మేపుకునే మనిషికి ఈ ఇంగ్లీషు ఎక్కడిది? వెనక ఎవరో ఉన్నారు, పరిహారం కోసం నడిపిస్తున్నారు అనుకున్నాను. ఆ టైపు చేసింది బడి టీచరమ్మ అని తర్వాత తెలిసింది. టీచరమ్మ టైపు చేస్తే తప్పేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

గుహ అంటే పెద్దదేం కాదు. నాలుగైదు పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి ఒరిగి మధ్యలో ఏర్పడిన చోటు, పదిమంది కూర్చోవచ్చు. ఒకప్పుడు గొర్రెలవాళ్లు వానకు తలదాచుకొని వంట చేసుకునేవాళ్లట. పైకప్పంతా మసి. లోపల జానెడు ఎత్తు తెల్లటి దిబ్బకు పసుపు పూసి, పూలదండ వేసి ఉంది. పైనుంచి సన్నటి గొట్టాలు వేలాడుతున్నాయి. చుక్క తర్వాత చుక్క దిబ్బ నెత్తిన పడుతోంది. చుక్క పడేచోట పసుపు మధ్యలో ఎర్రగా ఉంది. కుంకుమ పెట్టారనుకున్నాను.

వాకిట్లోనే ఊరి మగవాళ్లు కొందరు అడ్డు నిలబడ్డారు. "సార్, చెప్పులు ఈడ ఇడిసిపెట్టండి. ఆ ఇనుము గూడా బయటనే ఉండల్ల. సామి ఉండేచోటు" అన్నారు.

వాళ్ల వెనక నుంచి మాణిక్యమ్మ గొంతు వినిపించింది. "సుత్తి తీసుకుపోండి సారూ. పైన కొట్టి చూడండి. కొట్టకుండా మీకు యెట్లా తెలుస్తుంది?"

నేను ఆమె ముఖం చూశాను. కొట్టమంటోందంటే కొట్టాక గొడవ చేయించాలని చూస్తోందని తోచింది. రేపు పత్రికలో అధికారి లింగం పగలగొట్టాడని వస్తుంది, నా రిపోర్టు చెల్లకుండా పోతుంది, ఇదీ ఈమె ఎత్తు అనుకున్నాను. చాలా తెలివిగా ఆలోచించానని లోపల సంతోషపడ్డాను కూడా. సుత్తి చెప్పుల పక్కన పెట్టి లోపలికి వెళ్లాను.

రాలిపడిన ఒక గొట్టం ముక్క మీద యాసిడ్ వేశాను. బుసబుస పొంగింది. గ్రానైటు గుట్టలో సున్నం ఎక్కడిదని నన్ను నేను అడగకపోలేదు. గుట్ట చుట్టూ నల్లరేగడి, అందులో సున్నపు కంకర ఉంటుంది, పైనుంచి కరిగి వచ్చి ఉంటుందని జవాబు కూడా నేనే చెప్పుకున్నాను. చదువుకున్నవాడి దగ్గర తప్పుకు కూడా సరిపడా జవాబులు ఉంటాయి. బళ్లారికి వచ్చి రిపోర్టు రాశాను. సహజమైన గుహలో సహజంగా ఏర్పడిన స్పీలియోథెమ్‌లు, ఊట పురాతనమైనది, కాలువతో సంబంధం లేదు.

ఇంకా చూడాలి అనో, కావచ్చు అనో రాసినా కొంత నయంగా ఉండేది. అంత పెద్ద పదం చేతిలో ఉన్నప్పుడు అలాంటి చిన్న మాటలు గుర్తుకు రావు.

రెండు చెంబులు

నెల తిరక్కుండానే మాణిక్యమ్మ బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. సంచిలో రెండు స్టీలు చెంబులు, మూతుల మీద ప్లాస్టిక్ కవరు కట్టి తెచ్చింది. నా బల్ల మీద ఫైళ్లు పక్కకు జరిపి రెండూ పెట్టింది. తర్వాత కొంగు ముడి విప్పి ఒక చిన్న పొట్లం తీసింది.

"పసుపు సారూ. మీ దుకాణం యేదని అడిగి బజార్లో ఆడనే కొన్నా. కల్తీ అని మీరు అనలేరు" అంది.

ఆఫీసులో అందరూ తలలు ఎత్తారు. నేను, "ఏందమ్మా ఇది?" అన్నాను.

"ఈ చెంబులోవి కాలువ నీళ్లు. గట్టు మీద ముంచినా. ఇంకో చెంబులోవి గుహలో కారే నీళ్లు. నిన్న పొద్దుణ్ణుంచి చుక్క చుక్క పట్టినా." రెండిట్లోనూ చిటికెడు చిటికెడు పసుపు వేసి వేలితో కలిపింది. కాలువ నీళ్లు పచ్చగానే ఉన్నాయి. రెండో చెంబు ఎర్రబడింది.

"దిష్టి తీసేదానికి మేము చేసే ఎర్రనీళ్లు ఇట్లనే గదా సారూ. పసుపులో సున్నం పడితేనే ఎరుపు వస్తుంది. సామి నెత్తిన రక్తం వస్తాండాదని ఊళ్లోవాళ్లు కొబ్బరికాయలు కొడతాండారు. నేను పసుపు పూసి చూసుకుంటా కూచున్నా. చుక్క పడేచోటే తిరుగుతాది, పక్కన తిరగదు. అవే నీళ్లు గట్టు మీద ఒక రకం, గట్టు కింద ఒక రకం. మధ్యలో దేంట్లో దూరి వస్తాండాయో మీరు చెప్పండి."

సున్నపురాయి గుహల్లో కారే నీటిలో సున్నం ఉంటుంది కానీ పసుపును తిప్పేంత ఘాటు ఉండదు. ఆ ఘాటు సిమెంటుది. ఇది నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ ఎరుపును నా కళ్లతో చూసి కుంకుమ అనుకున్నది కూడా నేనే. అవ్వ పళ్లెంలో వెయ్యిసార్లు చూసిన రంగు.

అయినా నా అనుమానం ఊరుకుంటుందా? సిగ్గు లేకుండా అడిగాను. "సున్నం నువ్వే కలిపి తెచ్చింటే?"

మాణిక్యమ్మకు కోపం రాలేదు. చెంబులకు మూత పెడుతూ, "కలిపినాననే అనుకోండి. రేపు వచ్చి మీ చేత్తోనే పట్టుకోండి. ఈసారి ఆ సుత్తి చేతిలో పెట్టుకొని రండి" అంది. టీ తాగి పొమ్మన్నాను. తాగలేదు. చెంబులు సంచిలో పెట్టుకొని బస్టాండుకు వెళ్లిపోయింది.

మరునాడే వెళ్లాను. ఊరి మగవాళ్లు మళ్లీ అడ్డొస్తే, "సామిని ముట్టను. పైకప్పు మాత్రం కొడతా" అన్నాను. బండ మీద కొడితే సుత్తి ఖంగుమని ఎగిరింది. గొట్టాలు వేలాడేచోట కొడితే చప్పుడు మొద్దుగా వచ్చింది. మసి గీకాను. కింద గులకరాళ్లు, సిమెంటు, తుప్పుపట్టిన ఇనుప ఊచ. గుహకు పైకప్పు అనుకున్నదాంట్లో మంచం పట్టేంత మేర రాయి కాదు. బండల సందును కాంక్రీటుతో పూడ్చి, దాని మీదుగా కాలువ పారించారు.

నా వెనక నిలబడి చూస్తున్నాడు కాలువ లస్కర్ హుసేన్‌సాబ్. గేట్లు ఎత్తడం, దించడం అతని పని. నెమ్మదిగా అన్నాడు. "అవును సార్, అది పోసిందే. మా అబ్బా లస్కర్‌గా ఉండేటప్పుడు పోసినారంట."

"మరి పోయినసారి యాల చెప్పలేదప్పా?"

"మీరు అడిగింటే గదా సార్."

నిజమే. ఇంజనీరును అడిగాను, ఊరి పెద్దల్ని అడిగాను. రోజూ ఆ గట్టు మీద నడిచే మనిషిని అడగలేదు.

బల్ల మీది కాగితం

ఆ సాయంత్రమే రెండో కాగితం రాశాను. మొదటి రిపోర్టు తప్పు, అవి స్పీలియోథెమ్‌లు కావు, కాల్థెమైట్లు, కాలువ అడుగు బలహీనపడింది, వెంటనే నీళ్లు ఆపి చూడాలి అని. అప్పుడున్న పై అధికారి దగ్గరికి తీసుకెళ్లాను. ఈయన నా మొదటి అధికారిలాంటివాడు కాదు. ఎవరి మీదా కోపం తెచ్చుకోడు, ఎవరి పనీ చెయ్యడు.

"ఏనప్పా, పసుపు పరీక్ష యే పుస్తకంలో ఉండాది?" అని నవ్వాడు. "వరి ఈనే టైంలో కాలువ నిలిపితే కిందూళ్లవాళ్లంతా మన ఆఫీసు మీదికి వస్తారు. కోతలు అయినాక నోడోణ. బిడు ఈవొత్తు." కోతలయ్యాక చూద్దాం, ఇవాళ్టికి వదిలెయ్యి అని. కాగితం తన బల్ల మీదే పెట్టుకొని, దాని మీద బజారులో పట్టిన తెల్లరాయి పెట్టాడు.

నేను సరే అన్నాను. ఈ ఒక్క మాటకే నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. అర్జీ టైపు చేసినవాళ్లను అనుమానించాను, చెంబును అనుమానించాను, కొట్టమన్న మనిషిని అనుమానించాను. ఆ బల్లను అనుమానించలేదు. అటువైపు వెళ్లినప్పుడల్లా రాయి కింద కాగితం అంచు కనబడేది. ఉంది కదా అని ధైర్యంగా ఉండేది. ఉండటానికీ కదలడానికీ తేడా తెలియనంత కాలం అయిపోయింది నాకు ఆ ఆఫీసులో. క్యాంపుకు ఫోన్ చేసి, "రాసినానమ్మా, మీ మాట నిజమే" అని మాణిక్యమ్మకు చెప్పాను. ఆమె "సరే సారూ" అంది.

పదిరోజులు గడిచాయి. పొద్దున పది దాటాక హుసేన్‌సాబ్ ఫోన్ చేశాడు. "గట్టు కూచునింది సార్. బురద ఇళ్ల మీదికి దిగింది."

నాలుగు ఇళ్లు, చివరిది మాణిక్యమ్మది అని చెప్పాడు. మనుషుల సంగతి అడిగేలోపు ఫోన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. ఎవరికీ చెప్పకుండా మోటారు సైకిల్ తీశాను. దారి పొడుగునా నాకు తోచినవి రాయలేను. ఆమె అత్త మంచం దిగలేని మనిషి అని మాత్రం పదే పదే గుర్తొచ్చింది. భయమంటే ఏమిటో ఆ రోడ్డు మీద తెలిసింది నాకు.

బడి వసారా

నేను పోయేసరికి కాలువ ఆపేశారు. మూడిళ్ల వెనక గోడలు పోయాయి. మాణిక్యమ్మ ఇల్లు లేదు. వాసాల చివరలు రెండు మాత్రం బురదలోంచి కనిపిస్తున్నాయి. గుహ ఉన్నచోట పెద్ద రంధ్రం. లింగం కొట్టుకుపోయింది. ఇంకా పెద్ద గండి పడేదే గానీ, హుసేన్‌సాబ్ నేను సుత్తితో కొట్టిన రోజు నుంచి ఎవరికీ చెప్పకుండా గేటు రెండు మరలు దించే ఉంచాడట. "పైవాళ్లు అడిగితే గేటు పట్టేసింది అని చెబుదామనుకున్నా సార్. యెవరూ అడగల్య" అన్నాడు.

"మనుషులు?" అన్నాను.

అతను బడి వైపు చూపించాడు.

బడి వసారాలో నులకమంచం మీద ముసలామె పడుకొని ఉంది. చెట్టుకు రెండు గేదెలు కట్టేసి ఉన్నాయి. మాణిక్యమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఆమె చుట్టూ సామాన్లు సర్ది ఉన్నాయి. డబ్బాలు, పెట్టె, దేవుడి పటాలు. ఏదీ తడవలేదు. ఆ వసారా చూస్తే వాళ్లు ఇవాళ వచ్చినట్టు లేదు. పక్కిళ్లవాళ్ల పిల్లలు కూడా అక్కడే ఉన్నారు. నేను మెట్టు మీద కూలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

"యెప్పుడు వచ్చినారమ్మా ఈడికి?" అన్నాను.

"మీ ఆఫీసు నుంచి వచ్చిన మర్నాడే. టీచరమ్మ తాళం ఇచ్చింది. పక్కిళ్లవాళ్లు గూడా పిల్లల్ని రాత్రిళ్లు ఈడనే పండబెడతాండారు."

"నేను సుత్తితో కొట్టి చూసిన రోజే కదా అది. నమ్మినాను గదమ్మా. ఫోన్ చేసి చెప్పినాను గూడా."

ఆమె చాట పక్కన పెట్టింది. "నమ్మినారు సారూ, కాదనను. ముందు తెల్లరాయి చూసి నమ్మినారు. తర్వాత పసుపు చూసి నమ్మినారు. రేపు యింకొకరు వచ్చి యింకొకటి చూపిస్తే దాన్ని నమ్ముతారేమో, నాకేం తెలుసు? మా అత్త నడవలేదు. మీ నమ్మకం కింద ఆమెను పండబెట్టలేను గదా."

ఇన్నేళ్లూ అనుమానించడం నా పని, అనుమానింపబడటం వాళ్ల పని అనుకున్నాను. ఆమె నన్ను ఎంత సరిగ్గా అనుమానించిందంటే, దానివల్ల ఆ వసారాలో ఒక ముసలామె బతికి నిద్రపోతోంది.

హుసేన్‌సాబ్ వచ్చి చెప్పాడు. కాలువ ఆఫీసువాళ్లు వచ్చి చూసి వెళ్లారట. గుట్టలో ఊట వల్ల గట్టు జారింది, జియాలజిస్టు రిపోర్టు ఉంది, మట్టి పోసి మళ్లీ కట్టేస్తే చాలు అన్నారట. ఆ జియాలజిస్టు నేనే. నా రెండో కాగితం ఇంకా తెల్లరాయి కింద ఉంది. మట్టి మాత్రమే పోస్తే మిగిలిన ఇళ్ల వరస వచ్చే పంట కారులోనో ఆ పై కారులోనో పోతుంది.

మాణిక్యమ్మ లేచి లోపలికి వెళ్లి బడి పిల్లల నోటుపుస్తకం ఒకటి, పెన్ను ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "ఈడ కూచోని రాయండి. తెలుగులో రాయండి. రాసినాక చదివి వినిపించండి. కాలువ ఆఫీసుకు మేమే పట్టుకపోయి ఇస్తాం, మీ బల్లల మీదికి వద్దు."

పై అధికారిని దాటి నేరుగా ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అయింది కూడా, సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. కింద కూర్చొని రాశాను. గుట్ట గుహలోనివి స్పీలియోథెమ్‌లు కావని ఇందుమూలంగా తెలియజేయడమైనది అని మొదటి వాక్యం చదివాను.

"ఆ మాట యేంది?" అంది.

"గుహలో రాయి కరిగి సహజంగా పేరుకునేదాన్ని అట్లా అంటారమ్మా. ఇది అది కాదు అని రాసినా."

"కాదని చెబితే చాలదు. యేమో చెప్పండి."

కాల్థెమైట్ అని రాశాను. చదివాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "మళ్లీ ఒక పేరు చెబుతాండారు సారూ. నేను అడిగింది పేరు కాదు."

కొట్టేశాను. ఇంకోసారి రాశాను. ఈసారి మంచం మీద ముసలామెకు కూడా వినబడేలా చదివాను. "గుహలో కనిపించిన తెల్లటి పదార్థం కాలువ అడుగున పోసిన కాంక్రీటులోంచి కారిన సున్నం. కాలువ కారుతున్నందువల్లే గట్టు జారింది. నేను మొదట రాసింది తప్పు."

మాణిక్యమ్మ పుస్తకం తీసుకొని తాను కూడా ఒకసారి చదువుకుంది. పెన్ను అందుకొని నా సంతకం కింద తానూ సంతకం పెట్టి, హుసేన్‌సాబ్ చేతికి ఇచ్చింది.

"ఇది నాకు అర్థమైంది" అంది.

గట్టు ఆ కాగితం ప్రకారమే కట్టారు. అడుగున కాంక్రీటు పూర్తిగా తీసి కొత్తగా పోశారు. నేను నా ఉద్యోగమంతా ఎన్ని రిపోర్టులు రాశానో లెక్క లేదు. ఎవరి గురించి రాశానో వాళ్లకు చదివి వినిపించింది అదొక్కటే.